ఒక సున్న నేర్పిన పాఠం

మనిషి తన కంటికి కనిపించని దానిని తేలికగా శంకిస్తాడు. తెరిచి ఉన్న ఇంట్లో వస్తువు పోతే వెదుకుతాడు. తాళం వేసి ఉన్న ఇంటి ముందు పోతే ఆ ఇంటివారిని అనుమానిస్తాడు. ఈ స్వభావం నాలో ఎంత బలంగా ఉన్నదో 2018వ సంవత్సరం వరకు నాకు తెలియదు. దానిని తెలియజేసినది ఏ మహాగ్రంథమూ కాదు, ఏ పెద్దల ఉపన్యాసమూ కాదు. ఒక సంఖ్యకు ముందు నిలిచిన చిన్న సున్న. ఆ కథను మన కళాశాల సంచికలో చెప్పుకోవడం ఉచితమని నాకు తోచినది. ఎందుకంటే ఆ కథ ఈ కళాశాల పనిమీదనే జరిగినది. అందులో తప్పు చేసినవాణ్ణి నేను.

చదువు ముగిసిన తరువాత నేను హైదరాబాదులో ముద్రణ రూపకల్పన వృత్తిలో స్థిరపడ్డాను. ఛత్తాబజారు గల్లీలలో శుభలేఖలు అచ్చువేసే దుకాణాల నడుమ ఒక చిన్న గదిలో నా కంప్యూటరు ఉండేది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు, తెలుగు ఎడమ నుంచి కుడికి నడిచే పుటలను కూర్చడం నా నిత్యకృత్యం. నా పక్క గదిలో ఒక వృద్ధ ఖుష్‌నవీసు ఉండేవారు. కలంతో నస్తాలీఖ్ వ్రాసిన చేయి ఆయనది. కంప్యూటరు వచ్చిన తరువాత కలం పని తగ్గినా, ఉర్దూ ప్రూఫులు దిద్దడానికి ఆయనను మించినవారు లేరు. గల్లీలో అందరికీ ఆయన చాచా, నాకూ చాచాయే.

ఆ సంవత్సరం వార్షికోత్సవానికి 56 మంది విద్యార్థులకు ఇవ్వవలసిన ప్రతిభాపత్రాలను సిద్ధం చేసే పని కళాశాలవారు నాకు అప్పగించారు. ప్రతి పత్రంమీద విద్యార్థి పేరు ఉర్దూలోను, తెలుగులోను, పక్కన ఛాయాచిత్రమూ ఉండాలి. ఒక్కొక్కటి చేతితో కూర్చితే రెండు దినాల పని. కాని నా వద్ద ఇన్‌డిజైన్ అనే రూపకల్పన సాఫ్ట్‌వేర్ ఉన్నది; దానికి తోడుగా ధర చెల్లించి కొన్న ఒక ప్లగిన్ ఉన్నది. ప్లగిన్ అనగా పెద్ద సాఫ్ట్‌వేర్‌కు అమర్చుకునే చిన్న ఉపకరణం. సంఖ్యను, రెండు పేర్లను అందిస్తే చాలు; ఆ సంఖ్యగల ఛాయాచిత్రాన్ని వెదికి, పేర్లను చట్రాలలో నింపి, పత్రాన్ని అదే సిద్ధం చేస్తుంది. దానిని తయారుచేసినవాడు వేరొక రాష్ట్రంలో ఒంటరిగా పనిచేసుకునే ఒక యువకుడు. ఇటువంటి ఉపకరణాలే అతని జీవనాధారం.

ఆ ప్లగిన్ లోపలి వ్రాత ఎవరూ చదవడానికి వీలులేనిది. ఇన్‌డిజైన్‌లో నడిచే స్క్రిప్టు భాషకు ఎక్స్‌టెండ్‌స్క్రిప్టు అని పేరు. అది జావాస్క్రిప్టుకు ఒక పాత శాఖ. ఆ భాషలో వ్రాసిన పాఠాన్ని జెఎస్ఎక్స్‌బిన్ అనే రూపంలోకి మార్చవచ్చును. అప్పుడు తెరిచి చూస్తే అర్థంలేని అక్షరాల వరుసలు తప్ప మరేమీ కనిపించదు. నిపుణులు దీనిని పరిపూర్ణమైన గూఢలిపిగా అంగీకరించరు. పట్టుదల ఉన్నవాడు దానిని విప్పగలడు. కాని మనబోటివారికి అది తాళం వేసిన పెట్టెయే. ఆ యువకుడు పూర్వం తన స్క్రిప్టులను తెరిచియే ఇచ్చేవాడట. కొందరు వాటిని కాపీ చేసి తమవిగా అమ్ముకున్న తరువాత మూయడం మొదలుపెట్టాడట. ఈ సంగతి నాకు తరువాత తెలిసినది. అప్పట్లో నా అభిప్రాయం వేరు. దాచేవాడు తప్పులనే దాస్తాడని నేను పదిమందిలో అనేవాణ్ణి.

ఇక్కడ ఒక సాంకేతిక విషయాన్ని కొంచెం విపులంగా చెప్పక తప్పదు. విద్యార్థుల జాబితాను చదవడానికి నేను స్వయంగా ఒక చిన్న ప్యానెల్ వ్రాసుకున్నాను. ఆ ప్యానెల్ వెబ్ పుటవంటిది. దానిలో నడిచేది నేటి జావాస్క్రిప్టు. మూసిన పెట్టెలో నడిచేది పాత ఎక్స్‌టెండ్‌స్క్రిప్టు. పేర్లు బంధువులవి, ఇళ్ళు మాత్రం వేరు. ఒక ఇంటిలోని చరరాశి, అనగా విలువను నిలువచేసుకునే పేరు, రెండవ ఇంటివారికి కనిపించదు. ఇటువైపున ఒక విలువ ఉన్నదంటే దానిని అటువైపునకు నేరుగా చేతికి అందించే దారి లేదు. ఉన్నది ఒక్కటే ద్వారం. దాని పేరు ఎవాల్‌స్క్రిప్టు. ఆ ద్వారం గుండా అక్షరాల వరుస మాత్రమే వెళుతుంది. అక్షరాల వరుసగానే జవాబు తిరిగి వస్తుంది. అంటే నేను పంపేది విలువ కాదు, ఒక వాక్యం. ఆ వాక్యాన్ని అవతలి భాష తన వ్యాకరణం ప్రకారం చదువుకుని, తనకు తోచిన విలువను గ్రహిస్తుంది.

ఈ ఒక్క మాటలో ఉన్న ప్రమాదాన్ని నేను గ్రహించలేదు. వాక్యంలో పేర్లను కొటేషన్ గుర్తుల మధ్య ఉంచాను. పేర్లు అక్షరాలు గదా. సంఖ్యను గుర్తులు లేకుండా విడిచాను. అది సంఖ్య గదా. జాబితాలో సంఖ్యలు 001, 002, 003 అని మూడేసి అంకెలతో ఉన్నవి. ఛాయాచిత్రాలకు 1, 2, 3 అని పేర్లు. మొదటి ఐదు పత్రాలు తెరమీద చూశాను; పేర్లు, ముఖాలు అన్నీ సరిగ్గా కుదిరినవి. తృప్తిపడి, 56 పత్రాలనూ దళసరి ఆర్టు కాగితంమీద అచ్చుకు ఇచ్చాను. మరునాడు ఉదయమే ఉత్సవం.

రాత్రి తొమ్మిది గంటలకు కట్ట వచ్చినది. చాచా ఉర్దూ పేర్లను చివరిసారి చూడడానికి కళ్ళద్దాలు పెట్టుకున్నారు. ఒక్కొక్క పత్రమే తిరగేస్తూ పోయి ఒకచోట ఆగారు.

"బేటా, ఇట్లా రా. పేరు మగపిల్లవాడిది, బొమ్మ ఆడపిల్లది. ఇదేం లెక్క?"

నేను నవ్వి, "ఒకటి తారుమారై ఉంటుంది చాచా, మార్చేస్తాను" అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఒకటి కాదు. నువ్వు కూర్చుని అన్నీ చూడు. ఈ పిల్లల తల్లిదండ్రులు దీన్ని గోడకు తగిలిస్తారు."

చూశాను. కాళ్ళలోని బలం పోయినది. 001 నుంచి 007 వరకు అంతా సక్రమం. 010వ విద్యార్థికి 8వ ముఖం. 011కు 9వది. 017కు 15వది. 025కు 21వది. 8, 9 అంకెలున్న సంఖ్యల కథ వేరు, మిగిలినవన్నీ తప్పే. 025వ పత్రం మన కళాశాలలో ఆ ఏడు గణితంలో ప్రథమ స్థానం పొందిన బాలికది. ఆమె తండ్రి ఆటో నడుపుతాడు. ఆ పత్రాన్ని వెంటపెట్టుకుని ఆమె ఆ వారంలోనే ఒక విద్యార్థివేతనం ఇంటర్వ్యూకు వెళ్ళవలసి ఉన్నది. ఆమె పేరు పక్కన మరొక పిల్ల ముఖం నన్ను చూస్తున్నది.

ఆ క్షణంలో నా మనస్సు చేసిన మొదటి పని నా దోషాన్ని వెదకడం కాదు, పరుని దోషాన్ని నిర్ణయించడం. నా ప్యానెల్‌లో చూశాను: అక్కడ 025 అనే ఉన్నది. అయితే లోపలికి వెళ్ళిన తరువాతనే చెడినది. లోపల ఏమున్నదో చూడనివ్వని పెట్టెయే దోషి. ఈ తర్కం నాకు వజ్రంవలె దృఢంగా కనిపించినది. వెంటనే ఆ యువకునికి పరుషమైన ఈమెయిలు వ్రాశాను. అంతటితో ఆగక, అదే ఉపకరణం కొనాలని ఆలోచిస్తున్న ఇద్దరు దుకాణదారులకు ఫోను చేసి, "ఆ తాళం పెట్టెను నమ్మకండి, పిల్లల ముఖాలు మార్చేసింది" అని చెప్పాను. వారిద్దరూ కొనడం మానుకున్నారు.

తరువాత చాచా, నేను, మా దుకాణపు కుర్రవాడు తెల్లవార్లూ కూర్చున్నాము. ప్లగిన్ జోలికి పోకుండా ఛాయాచిత్రాలను చేతితో అమర్చాము. అచ్చు యజమాని మరల యంత్రం నడిపాడు. రెండవ అచ్చు ఖర్చు నేను భరించాను. ఉదయానికి పత్రాలు సభాస్థలికి చేరినవి. ఆ బాలిక తన ముఖంతోనే తన పత్రాన్ని అందుకున్నది. అక్కడితో కథ ముగిసి ఉంటే ఈ వ్యాసం అవసరమే లేదు.

రెండు రోజులకు ఆ యువకుని జవాబు వచ్చినది. నా పరుష వాక్యాలకు ఒక్క ఎదురుమాట కూడా అందులో లేదు. "మీరు నా ఫంక్షనును పిలిచిన వాక్యాన్ని ఒక్క అక్షరం మార్చకుండా పంపండి" అని మాత్రమే ఉన్నది. పంపాను. గంటలో మరొక జవాబు. "అయ్యా, నా పెట్టెను పక్కన ఉంచండి. ఖాళీ స్క్రిప్టులో 025 అనే సంఖ్యను గుర్తులు లేకుండా వ్రాసి, దానిని తెరమీద చూపించమని ఇన్‌డిజైన్‌ను అడగండి."

అడిగాను. తెరమీద 21 అని వచ్చినది.

దాని కారణం నేను పుస్తకాలు తిరగవేసి తెలుసుకున్నాను. 1970వ దశకంలో బెల్ ప్రయోగశాలలలో రూపొందిన సి భాషలో, సంఖ్యకు ముందు సున్న ఉంటే దానిని పది మూలంగా గాక ఎనిమిది మూలంగా లెక్కించాలని ఒక ఆచారం. 025 అనగా రెండు ఎనిమిదులు, ఐదు ఒకట్లు, వెరసి 21. 010 అనగా ఒక ఎనిమిది, అంతే. ఏడు వరకు రెండు లెక్కలూ ఒక్కటే కనుక నేను చూసిన మొదటి ఐదు పత్రాలు నన్ను మోసగించినవి. ఆ ఆచారం సి భాష నుంచి అనేక భాషలకు వారసత్వంగా వచ్చినది. 1999లో వెలువడిన జావాస్క్రిప్టు మూడవ ప్రమాణాన్ని అనుసరించే ఎక్స్‌టెండ్‌స్క్రిప్టులోనూ అది నిలిచి ఉన్నది. 2009 నాటి ఐదవ ప్రమాణం తన కట్టుదిట్టమైన రీతిలో ఈ వ్రాతను నిషేధించినది గాని, పాత శాఖకు ఆ నిషేధం వర్తించదు.

అనగా పెట్టెలోకి ప్రవేశించేసరికే అది 21. మూసిన పెట్టె తనకు అందిన 21కి సరియైన 21వ ముఖాన్నే నమ్మకంగా తెచ్చి ఇచ్చినది. నా ప్యానెల్‌లో 025 అక్షరాలుగా ఉన్నంతవరకు క్షేమంగా ఉన్నది. గడప దాటించేటప్పుడు దానికి వేయవలసిన రెండు కొటేషన్ గుర్తులను నేను వేయలేదు. తప్పు ఇంటిలో లేదు, అవతలి ఇంటిలోనూ లేదు. గడప మీద ఉన్నది. గడప మీద నిలిచి ఉన్నవాణ్ణి నేనే.

అప్పటినుంచి భాషలు ఒకదానికొకటి విలువలను ఎట్లా అందించుకుంటాయో శ్రద్ధగా గమనించసాగాను. ఇంజనీర్ల వద్ద డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసే మా అన్నయ్య ఆటోక్యాడ్‌లోని ఏర్పాటు ఒకటి చూపించాడు. అక్కడ లిస్పు భాషలో వ్రాసిన ఉపకరణాన్ని విఎల్ఎక్స్ అనే రూపంలో మూయవచ్చును. కావాలంటే దాని చరరాశులకు బయటివారికి కనబడని వేరు ఆవరణ కల్పించవచ్చును. అయినా ఇతర భాషలతో మాట్లాడుకోవడానికి ఆ సాఫ్ట్‌వేర్ అందరికీ కనిపించే కొన్ని అరలను పెట్టినది. యూజర్‌ఎస్ అనే పేరుతో అక్షరాలకు ఐదు అరలు, యూజర్‌ఐ అని పూర్ణసంఖ్యలకు ఐదు, యూజర్‌ఆర్ అని దశాంశ సంఖ్యలకు ఐదు. ఏ అరలో ఏ జాతి విలువ ఉండాలో అర పేరే చెబుతుంది. "పెట్టేవాడికీ తీసేవాడికీ ముందుగానే ఒప్పందం అన్నమాట" అన్నాడు అన్నయ్య. ఇన్‌డిజైన్‌లోనూ ఇటువంటి పద్ధతి ఒకటి ఉన్నది: స్క్రిప్ట్ఆర్గ్స్ అనే చోట ఒక పేరుతో ఒక విలువను ఉంచితే, తరువాత నడిచే స్క్రిప్టు ఆ పేరుతోనే దానిని తీసుకోవచ్చును. కాని అక్కడ ప్రతి విలువా అక్షరాలుగానే ఉంటుంది; దానిని సంఖ్యగా మార్చుకునే బాధ్యత తీసుకునేవానిది. ఆ మార్చుకోవడంలో కూడా పది మూలంగా లెక్కించమని స్పష్టంగా చెప్పాలి. లేకపోతే ఆ పాత సున్న అక్కడా కాచుకుని ఉంటుంది.

సున్న ఒక్కటే కాదు. విండోస్‌లో ఫైలు చిరునామా వ్రాసేటప్పుడు వచ్చే వెనుకకు వాలిన గీతను అవతలి భాష వేరే అర్థంలో తీసుకుంటుంది. దాని తరువాత ఎన్ అక్షరం ఉంటే కొత్త పంక్తి అని, టి ఉంటే ఖాళీ జాగా అని చదువుతుంది. ఒక విద్యార్థి ఇంటిపేరులో చిన్న కొటేషన్ గుర్తు ఉంటే వాక్యం అక్కడే ముగిసిందని భ్రమిస్తుంది. ఇన్ని చిక్కులకు విరుగుడుగా నేను నేడు అనుసరించే విధానం చెబుతాను. ఈ దారిలో నడిచే విద్యార్థులకు ఉపకరించవచ్చును. పంపవలసిన విలువలన్నిటినీ పేర్లతో సహా జేసన్ అనే ఒకే మూటగా కట్టి అక్షరాలుగా పంపుతాను. పాత ఎక్స్‌టెండ్‌స్క్రిప్టుకు ఆ మూట విప్పడం పుట్టుకతో రాదు. దానికి వేరొక చిన్న స్క్రిప్టును ముందుగా జతపరచాలి. పనిచేయించే ముందు, అందుకున్న విలువలను తిరిగి నాకు చెప్పమని అడుగుతాను. పంపినదీ, తిరిగి వచ్చినదీ ఒక్కటైతేనే ముందుకు సాగుతాను. పరీక్షకు మొదటి ఐదింటిని గాక, మొదలు, నడుమ, తుది చూస్తాను.

ఈ తిరిగి చెప్పించుకునే పద్ధతి నాకు కంప్యూటరు పుస్తకాలు నేర్పినది కాదు. చాచా శుభలేఖ ఆర్డరు తీసుకునే తీరు గమనించాను. పెళ్ళివారు చెప్పినదంతా వ్రాసుకుని, వరుని పేరు, తండ్రి పేరు, హిజ్రీ తేదీ, ఆంగ్ల తేదీ, వారం, అన్నీ గట్టిగా చదివి వినిపించి, వారు సరేనన్న తరువాతనే కలం పట్టేవారు. ఒకసారి అడిగాను: "చాచా, ఇన్నేళ్ళ అనుభవం ఉండి ఎందుకు మళ్ళీ అడుగుతారు?"

"బేటా, వాళ్ళు చెప్పింది నాకు తెలుసు. నేను విన్నది వాళ్ళకు తెలియాలి కదా" అన్నారు ఆయన.

ఇక చెప్పవలసినది, చెప్పడానికి కష్టమైనది ఒకటి మిగిలినది. ఆ యువకునికి క్షమాపణ వ్రాయడం సులభమే అయినది. ఈమెయిలులో ముఖం కనిపించదు. కాని నేను ఫోను చేసి చెడగొట్టిన ఆ ఇద్దరు దుకాణదారుల వద్దకు స్వయంగా నడిచి వెళ్ళాను. "తప్పు పెట్టెది కాదు, నాది" అని చెప్పాను. ఒకరు ఆ ఉపకరణం కొన్నారు. మరొకరు, "మీరే ఆ రోజు అట్లా అన్నారు, ఈ రోజు ఇట్లా అంటున్నారు. ఇప్పుడు మీ మాట ఎట్లా నమ్మాలి?" అని కొనలేదు. ఆ నష్టాన్ని పూడ్చే శక్తి నాకు లేకపోయినది. ఒక కాగితం తప్పుగా అచ్చయితే మరల అచ్చువేయవచ్చును. ఒక మనిషి పేరుకు మనం అంటించిన తప్పు ముఖాన్ని తొలగించడం అంత సులభం కాదు. ఆ రాత్రి నా సున్న వలన పిల్లల పేర్లకు పరాయి ముఖాలు వచ్చినవి. నా నోటి వలన ఒక నిర్దోషికి దోషి ముఖం వచ్చినది. మొదటిది తెల్లవారేసరికి దిద్దుకున్నాము. రెండవది నేటికీ పూర్తిగా దిద్దలేకపోయాను.

కాలం మారుతున్నది. 2022లో వెలువడిన ఇన్‌డిజైన్ 18వ వెర్షనుతో యుఎక్స్‌పి అనే కొత్త ఏర్పాటులో నేటి జావాస్క్రిప్టుతోనే స్క్రిప్టులు వ్రాసుకునే వీలు కలిగినది. రెండు ఇళ్ళ నడుమ ఉన్న ఆ పాత గడప క్రమంగా అరిగిపోవచ్చును. కాని ఏదో ఒక భాష నుంచి ఇంకొక భాషకు విలువను మోసుకుపోయే పని మనిషికి తప్పేది కాదు.

సోదర విద్యార్థులారా, మన కళాశాలలో ఆ పని ప్రతి దినం జరుగుతున్నది. ఉర్దూ చదివేవారు, తెలుగు చదివేవారు ఒకే బల్లమీద కూర్చుంటాము. ఒకరి మాటల లోపలి అర్థం మరొకరికి కొంత మూసిన పెట్టెయే. మిత్రుడు మనం అనుకున్నది గాక మరొకటి గ్రహించినప్పుడు, అతని మనస్సును శంకించే ముందు మనం అందించిన వాక్యాన్ని ఒకసారి చూసుకుందాము. వేయవలసిన చిన్న గుర్తును మనమే మరచి ఉండవచ్చును. 025 అని నేను పంపితిని, 21 అని అతడు వినెను. మా ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. అడిగి తెలుసుకోక ముందే నేను తీర్పు చెప్పాను. నా నేరం అదే.